నీటికి రంగు మారు రాయి

మైలుతుత్తము తెలుగునాట రైతులకు చిరపరిచితమైన వస్తువు. అంగళ్లలో అది గాజుముక్కలవలె మెరయు ముదురు నీలపు పలుకులుగా లభించును. తమలపాకు తోటలకును, నిమ్మ, బత్తాయి తోటలకును తెగుళ్లు సోకినపుడు దానిని సున్నముతో కలిపి నీటిలో కరగించి చల్లుదురు. నూరు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము చొప్పున కలుపుట వాడుక. ఈ మందునకు బోర్డో మిశ్రమమని పేరు. ఫ్రాన్సు దేశమందలి బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలను తెగులు పాడుచేయుచుండగా, మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1885లో దీని గుణమును లోకమునకు తెలియజేసెను. అందుచే ఆ ఊరి పేరే మందునకు నిలిచినది.

ఈ నీలపు పలుకులలో ఒక వింత దాగియున్నది. పాఠశాలలోని ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు దానిని విద్యార్థులకు చూపుచుండును. కొన్ని పలుకులను నలుగగొట్టి పరీక్షనాళికలో వేసి దీపముపై కాచినచో, కొంతసేపటికి నాళిక పైభాగమున సన్నని నీటి బిందువులు కనిపించును. అడుగుననున్న నీలము క్రమక్రమముగా వెలిసిపోవును. వేడి సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరిగిన పిమ్మట మిగులునది తెల్లని పొడి మాత్రమే. ఆ పొడిని చల్లారనిచ్చి దానిపై ఒక్క నీటిచుక్క వేసినచో, చుక్క పడిన చోట నీలము మరల పుట్టును. ఆ సమయమున పొడి వెచ్చబడును కూడ. మైలుతుత్తము విషపదార్థము గనుక దానిని ఉత్త చేతులతో తాకరాదు. ఈ ప్రయోగమును ఉపాధ్యాయుని పర్యవేక్షణ లేక చేయరాదు.

ఈ మార్పునకు కారణమేమి? మైలుతుత్తము రాగి, గంధకము, ఆమ్లజని అను మూడు మూలకముల కలయికచే ఏర్పడిన లవణము. దానిని రసాయన శాస్త్రజ్ఞులు రాగి సల్ఫేటు అందురు. అయితే నీలపు పలుకులో ఈ లవణముతోపాటు నీరు కూడ అణువులుగా చేరి స్థిరముగా కుదురుకొనియున్నది. దీనినే స్ఫటిక జలము అందురు. చేతికి పొడిగా తోచు నూరు గ్రాముల మైలుతుత్తములో 36 గ్రాములు నీరే. కాచినపుడు వెడలిపోవునది ఈ నీరు. అది పోగా మిగిలినదే తెల్లని పొడి. నీరు తిరిగి దొరకినపుడు ఆ పొడి దానిని గ్రహించి మరల నీలవర్ణము దాల్చును.

ఇక్కడ ఆలోచింపవలసిన ప్రశ్న ఒకటి కలదు. నీలపు మైలుతుత్తము రాగి గనులలోని గోడలపై సహజముగా ఏర్పడును. ఖనిజశాస్త్రమున దానిని కాల్కాంథైటు అందురు. ఈ పేరునకు గ్రీకు భాషలో రాగి పువ్వు అని యర్థము. మరి ప్రయోగశాలలో దీపముపై కాచి చేసిన తెల్లని పదార్థము, అనగా నీరు లేని రాగి సల్ఫేటు, ప్రకృతిలో ఎచ్చటనైన తనంత తాను పుట్టునా? గాలిలో తేమ యున్నది. నేలలో చెమ్మ యున్నది. వర్షములు కురియుచునే యున్నవి. నీరు సోకినంతనే రూపు మార్చుకొను వస్తువునకు ఇట్టి భూమిపై నిలుచుటకు తావు దొరకుట దుర్లభము.

సల్ఫేటు ఖనిజములన్నియు ఇట్టివి కావు. సిమెంటు తయారీలో వాడు జిప్సము ఒక సల్ఫేటే. అది తనలో నీటిని ఇముడ్చుకొని భూగర్భమున యుగముల తరబడి నిలిచియుండును. రాయలసీమలోని మంగంపేట గనులలో త్రవ్వు ముగ్గురాయి మరియొక సల్ఫేటు. దానిలో స్ఫటిక జలము లేదు. అది నీటిలో కరుగదు. వానకు, ఎండకు చలింపదు. ఈ కుటుంబములో పుట్టియు, నీటిముందు నిలువలేనిది నిర్జలమైన రాగి సల్ఫేటు. అయినను ప్రకృతి దానికి కూడ ఒక నివాసము నేర్పరచినది. అది అగ్నిపర్వతముల ముఖమునందలి ధూమరంధ్రము.

అగ్నిపర్వతము బ్రద్దలై లావా ప్రవహించిన తరువాత కొండ వెంటనే చల్లారదు. దాని బిలమునందును, పార్శ్వములయందును, గడ్డకట్టిన లావాయందును పగుళ్లు మిగిలియుండును. ఆ పగుళ్లనుండి కొన్ని దినములు మొదలు అనేక సంవత్సరముల వరకు వేడి వాయువులు వెడలుచుండును. ఇట్టి పగుళ్లకే ధూమరంధ్రములని పేరు. వాయువులలో అధిక భాగము నీటి ఆవిరియే. దానితోపాటు బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువులు, ఘాటైన ఆమ్లపు ఆవిరులు కూడ ఉండును. కొన్ని రంధ్రములు మరుగుచున్న నీటి కుండవలె నుండును. కొన్ని కమ్మరి కొలిమివలె ఎర్రగా ప్రజ్వరిల్లుచుండును.

నీటి ఆవిరి యున్నచోట నీరు లేని ఖనిజమెట్లు పుట్టునని సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము వేడిమిలో కలదు. కొన్ని వందల డిగ్రీల వేడిలో నీరు స్ఫటికమునందు నిలువజాలదు. ప్రయోగశాలలో దీపము చేసిన పనినే ఇచ్చట కొండ చేయుచున్నది. చుట్టును ఆవిరి క్రమ్ముకొనియున్నను, ఆ వేడి తగ్గనంత కాలము స్ఫటికము నీటిని స్వీకరింపదు. అగ్నియే దానికి కోటగోడ.

ఇక రాగి అచ్చటికి చేరు విధమును తెలిసికొనవలెను. కర్పూరపు భరిణె మూత తెరచి చూచినచో లోపలివైపున సన్నని పలుకులు అంటుకొనియుండుట పలువురు చూచియుందురు. కర్పూరము ద్రవముగా మారకయే ఆవిరియై, ఆ ఆవిరి చల్లని మూతకు తగిలి మరల ఘనమై నిలుచును. ధూమరంధ్రములలోను ఇట్టి కార్యమే జరుగును. కరగిన శిలలో స్వల్పముగా నున్న రాగి మొదలగు లోహములు హరితవాయువుతో, అనగా క్లోరినుతో కలిసి, ఆ మహోష్ణమున ఆవిరులై పైకి లేచును. అవి పగుళ్ల ముఖమునకు వచ్చి కొంత చల్లబడి, గంధకపు వాయువులతోను, బయటి గాలిలోని ఆమ్లజనితోను కలియును. అప్పుడు రంధ్రపు గోడలపై రంగురంగుల పూతలును, సూక్ష్మ స్ఫటికములును ఏర్పడును. నిర్జల రాగి సల్ఫేటు ఆ విధముగా జనించిన ఖనిజము. నేటి ఖనిజశాస్త్రమున దాని పేరు కాల్కోసయనైటు.

ఈ ఖనిజమును శాస్త్రలోకము మొట్టమొదట ఎరిగినది ఇటలీ దేశమందలి వెసూవియసు కొండపైననే. వెసూవియసు నేపుల్సు నగరమునకు తూర్పున, సముద్రతీరమునకు సమీపమున, సుమారు 1,280 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. క్రీస్తు శకము 79లో అది బ్రద్దలై పాంపేయి, హెర్క్యులేనియము అను పట్టణములను బూడిదతోను, రాళ్లతోను కప్పివేసెను. ఆనాడు రోమను నౌకాదళమునకు నాయకుడైయుండిన పెద్ద ప్లినీ ఆపన్నులను రక్షించుటకై ఓడలను నడిపించుకొని పోయి, తీరముననే మరణించెను. ప్రకృతి చరిత్రమును 37 భాగములుగా రచించి, కడపటి భాగములయందు రాళ్లను, రత్నములను వర్ణించిన పండితుడతడే. అతని మేనల్లుడగు చిన్న ప్లినీ ఆనాటి వృత్తాంతమును రెండు లేఖలలో వ్రాసి భావితరముల కందించెను.

వెసూవియసు వలన భయమెంత కలదో, దానిని తెలిసికొనవలెనను కోరిక కూడ అంత కలదు. 1841లో నేపుల్సు రాజ్యమును పాలించిన రెండవ ఫెర్డినాండు కాలమున ఆ కొండ పార్శ్వముననే ఒక పరిశీలనాలయము స్థాపింపబడెను. అగ్నిపర్వతమును నిత్యము గమనించుటకై ప్రపంచమున ఏర్పడిన మొదటి పరిశీలనాలయ మదియే. నేపుల్సు విశ్వవిద్యాలయమున ఖనిజశాస్త్రమునకు గొప్ప ప్రదర్శనశాల కూడ కలదు. దానిని చాలకాలము పోషించి, వృద్ధి చేసినవాడు ఆర్కాంజెలో స్కాక్కి.

స్కాక్కి 1810లో దక్షిణ ఇటలీలోని గ్రావినా అను ఊర జన్మించెను. అతడు మొదట వైద్యవిద్య నభ్యసించెను. కాని అతని మనస్సు రాళ్లపై నిలిచినది. అతడు నేపుల్సు విశ్వవిద్యాలయమున ఖనిజశాస్త్రాచార్యుడై, 1893లో మరణించువరకు ఆ శాస్త్రమునకే తన జీవితమును సమర్పించెను. వెసూవియసు అతనికి ఇంటి వాకిట నిలిచిన మహాగ్రంథమైనది. ప్రతి విస్ఫోటనమును ఆ గ్రంథమున ఒక క్రొత్త పుటను తెరచుచుండెను.

1868లో వెసూవియసు బ్రద్దలైన తరువాత ధూమరంధ్రములయందు రాగిని గల కొన్ని అపురూప ఖనిజములు కనుగొనబడెను. వానిని పరీక్షించి, 1870వ దశాబ్దపు తొలినాళ్లకెల్ల స్కాక్కి శాస్త్రలోకమునకు వర్ణించి చెప్పెను. వానిలో ఒకటి నిర్జల రాగి సల్ఫేటు. దానికి అతడు పెట్టిన పేరు హైడ్రోసయనైటు. గ్రీకు భాషలో మొదటి పదమునకు నీరనియు, రెండవ పదమునకు నీలమనియు అర్థము. నీటిచే నీలమగునది అను భావము ఆ పేరున ఇమిడియున్నది. తరువాతి శాస్త్రజ్ఞులు నీరను పదమునకు బదులు రాగి యను పదమును చేర్చి కాల్కోసయనైటు అనిరి.

స్కాక్కి పెట్టిన పేరును కొంచెము నిదానించి చూడవలెను. కొండపై నున్న రాయి నీలము కాదు. ఇంటికి తెచ్చి కొంతకాల ముంచిన రాయి నీలము. తొందరపాటు గలవాడు పెట్టెలోని నీలపు పొడిని చూచి, ఇది మైలుతుత్తమే యని వ్రాసి ఊరకుండెడివాడు. ఆ వ్రాత అప్పటి పొడిని గూర్చి సత్యమే. కాని కొండపై పుట్టిన ఖనిజమును గూర్చి అసత్యము. ఇప్పుడు చేతిలో నున్నది మునుపు ఏమైయుండెను, ఎచ్చట నుండెను, నడుమ దానికి ఏమి సంభవించెను అని ప్రశ్నించినవానికే నిజము దొరకును. ఆ ఖనిజముయొక్క మార్పునే స్కాక్కి దానికి పేరుగా పెట్టెను.

అదే కొండపై అదే కాలమున అతడు వర్ణించిన మరియొక రాగి సల్ఫేటు ఖనిజమునకు డొలెరోఫనైటు అని పేరు. మోసగించు రూపము గలది అని దాని యర్థము. రాగి లవణములు సాధారణముగా నీలముగనో, పచ్చగనో ఉండును. ఇది మాత్రము గోధుమ వన్నె గలది. చూపులకు తన జాతి తెలియనీయదు గనుక దానికి ఆ పేరు తగియున్నది. మూడవది యూక్లోరిను. అది మరకతమువలె పచ్చనిది. రాగితోపాటు సోడియమును, పొటాసియమును తనలో నిలుపుకొన్నది.

కాల్కోసయనైటు గుణములను ఇప్పుడు వరుసగా చెప్పుకొనవచ్చును. శుద్ధమైన నిర్జల రాగి సల్ఫేటు తెలుపు. కొండపై దొరకు స్ఫటికములు లేత ఆకుపచ్చగనో, పసుపు గోధుమల మిశ్రమ వర్ణముననో, లేత ఆకాశవర్ణముననో ఉండును. స్ఫటికములు చిన్నవి. వాని నిర్మాణమున మూడు అక్షములు ఒకదానికొకటి లంబముగా నుండును. వాని పొడవులు మాత్రము సమానములు కావు. కాఠిన్యపు కొలతలో దాని స్థానము 3.5. అనగా గోటితో దానిని గీయలేము, కత్తిమొనతో గీయవచ్చును. ఒక ఘన సెంటీమీటరు ఖనిజము సుమారు 3.65 గ్రాముల బరువు తూగును. అది నీటిలో సులభముగా కరగును.

ఈ స్ఫటికము తేమగాలికి లోనైనచో రంగు ఒక్కటే గాక రూపము కూడ మారును. ఈ సంగతిని చిన్న గణితముతో తెలిసికొనవచ్చును. 64 గ్రాముల నిర్జల లవణము 36 గ్రాముల నీటిని గ్రహించి 100 గ్రాముల మైలుతుత్తమగును. ఆ లెక్కన 3.65 గ్రాముల స్ఫటికము సుమారు 2.05 గ్రాముల నీటిని త్రాగి 5.70 గ్రాములగును. మైలుతుత్తము ఘన సెంటీమీటరునకు సుమారు 2.28 గ్రాములే తూగును. 5.70ని 2.28చే భాగించినచో 2.5 వచ్చును. అనగా ఒక ఘన సెంటీమీటరు చోటున ఇమిడియుండిన స్ఫటికము రెండున్నర ఘన సెంటీమీటర్లుగా ఉబ్బవలసియున్నది. ఇట్టి ఉబ్బునకు స్ఫటికపు అంచులు, ముఖములు నిలువవు. అది పగిలి, పొడియై, నీలపు పిండిగా రాలిపోవును.

ఆ పిండిని తిరిగి కాచి నీటిని వెడలగొట్టవచ్చును. తెల్లని నిర్జల లవణము మరల లభించును. కాని కొండ నిర్మించిన స్ఫటికము మాత్రము మరల రాదు. పదార్థము తిరిగి వచ్చినను, ఆ రూపము తిరిగి రాదు. శాస్త్రజ్ఞులు ఇట్టి ఖనిజమును అతి జాగరూకతతో కాపాడుటకు కారణమిదియే.

నీరు చేరినంత మాత్రమున ముదురు నీలము ఎట్లు వచ్చునని అడుగవచ్చును. రాగి అణువు చుట్టును ఏయే అణువులు, ఎంతెంత దూరమున, ఏ అమరికలో నున్నవో దానిని బట్టి అది వెలుతురులోని కొన్ని రంగులను మ్రింగును, మిగిలినవానిని విడిచిపెట్టును. మనకు కనబడునది విడువబడిన వెలుతురు. నిర్జల స్ఫటికమున రాగి చుట్టును సల్ఫేటునందలి ఆమ్లజని అణువులే యుండును. మైలుతుత్తమున ఒక్కొక్క రాగి అణువును నాలుగు నీటి అణువులు దగ్గరగా చుట్టుకొనియుండును. అయిదవ నీటి అణువు వాని నడుమ ఒదిగియుండును. ఈ క్రొత్త అమరికలో రాగి, వెలుతురులోని ఎరుపును ఎక్కువగా మ్రింగును. అందుచే మిగిలిన నీలము మన కన్నులకు చేరును. రాగి అదే, చుట్టుప్రక్కలవారు మారిరి, వన్నె మారినది.

ఇట్టి ఖనిజములను వెదకుట సుఖమైన పని కాదు. ధూమరంధ్రముల వాయువులు ఊపిరిని పట్టివేయును. కాళ్లక్రింది పొర పైకి గట్టిగా కనిపించినను, లోపల నిప్పు దాగియుండవచ్చును. 1872 ఏప్రిల్ నెలలో వెసూవియసు ఉగ్రరూపము దాల్చెను. లావాను చూచుటకై పలువురు జనులు కొండపైకి పోయియుండిరి. 26వ తేది తెల్లవారక మునుపే కొండ పార్శ్వము పగిలి లావా పెల్లుబికెను. ఆ ప్రమాదమున అనేకులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో నేపుల్సు నగరపు యువ వైద్యవిద్యార్థులు కూడ కలరు. ఆ దినములలో పరిశీలనాలయాధిపతియగు లూయీజి పాల్మియేరి తన స్థానమును విడువక, పరిశీలనాలయమునకు ఇరుప్రక్కల లావా ప్రవహించుచున్నను, భూకంపమును కొలుచు యంత్రములను గమనించుచు, ప్రతి మార్పును వ్రాసియుంచెను. అగ్నిపర్వతమునొద్ద తెలివికంటె ముందు నడువవలసినది జాగ్రత్త యని ఆ సంవత్సరము నేర్పినది.

వెసూవియసు 1944 మార్చిలో కడపటిసారి బ్రద్దలైనది. ఇప్పుడు దాని బిలముననున్న ఆవిరులు నాటి వేడి కలవి కావు. అయినను నిర్జల ఖనిజముల కథ అంతటితో ముగియలేదు. రష్యా దేశపు తూర్పు చివరనున్న కంచట్కా ద్వీపకల్పమున తోల్బాచిక్ అను అగ్నిపర్వతము కలదు. 1975 జూలై 6వ తేదిన దాని సమీపమున భూమి పగిలి లావా వెలువడెను. భూకంపముల వరుసను గమనించిన శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ముందుగనే ఊహించి హెచ్చరించియుండిరి. ఆ విస్ఫోటనము 1976 డిసెంబరు వరకు సాగినది. అప్పుడు ఏర్పడిన బూడిద దిబ్బలలోని ధూమరంధ్రములు దశాబ్దములు గడచినను చల్లారలేదు. కొన్నింటిలో 400 డిగ్రీలకు మించిన వేడి కొలువబడినది.

ఆ రంధ్రముల గోడలు చిత్రశాలలవలె నుండును. పచ్చనివి, నీలములు, ఎరుపులు, పసుపులు, నల్లనివి అగు స్ఫటికములు అచ్చట పరచుకొనియున్నవి. అంతకుమునుపు లోకమున ఎవ్వరును చూచియెరుగని ఖనిజములు నూటికి పైగా అచ్చట దొరకినవి. వానిలో రాగిని గల సల్ఫేటులు అనేకములు. వెసూవియసుపై స్కాక్కి వర్ణించిన కాల్కోసయనైటు, డొలెరోఫనైటు, యూక్లోరిను అను మూడును అచ్చట కూడ కనిపించినవి. రెండు కొండల నడుమ వేల కిలోమీటర్ల దూరమున్నను, ఒకే విధమైన వేడి, ఒకే విధమైన వాయువులు కలిసినచోట ఒకే విధమైన ఖనిజములు పుట్టుట గమనింపదగినది.

అచ్చట పనిచేయు శాస్త్రజ్ఞులు స్ఫటికమును వేడి రంధ్రమునుండి తీసిన వెంటనే గాలి చొరకుండ మూసివేయుదురు. తేమ సోకకమునుపే దానిని ప్రయోగశాలకు చేర్చి, ఎక్సురే కిరణములచే దాని అణువుల అమరికను పరీక్షింతురు. స్కాక్కి కాలమున లేని సాధనములు నేడు కలవు. కాని మొదటి జాగ్రత్త మాత్రము మారలేదు. వస్తువు తన పుట్టినచోట ఉన్న స్థితిలోనే దానిని తెలిసికొనవలెను.

2020లో తోల్బాచిక్ ధూమరంధ్రముల నుండి లభించిన పెట్రోవైటు అను క్రొత్త సల్ఫేటు ఖనిజమును గూర్చి సెంటు పీటర్సుబర్గు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్తనిస్లావు ఫిలాతొవు, అతని సహచరులు ప్రకటించిరి. అది నీలము, ఆకుపచ్చ వన్నెలు గలది. దానిలో సోడియము, కాల్షియము, రాగి అను మూడు లోహములున్నవి. దాని అణువుల నడుమ సందులు, దారులు కలవు. ఆ దారుల వెంట సోడియము కదలగలదు. విద్యుత్తును నిలువచేయు సోడియము బ్యాటరీలకు ఇట్టి నిర్మాణము ఉపయోగపడవచ్చునని వారు తలచిరి. పెట్రోవైటులో రాగి స్వల్పముగా నున్నందున అది యథాతథముగా చాలదు. అట్టి నిర్మాణమే కలిగి, మరికొంత లోహము గల పదార్థమును ప్రయోగశాలలో తయారు చేయవలసియున్నది. నమూనాను కొండ చూపినది. నిర్మాణము మానవుని వంతు.

ఇక అరుదైన ఖనిజమనగా నేమో విచారింపవచ్చును. కాల్కోసయనైటులో నున్న రాగి ఇంటింట పాత్రలలోను, విద్యుత్తు తీగెలలోను కలదు. గంధకము అగ్గిపెట్టెలలో, ఎరువులలో కలదు. ఆమ్లజని గాలిలో నిండియున్నది. మూడును సులభములే. నిర్జల రాగి సల్ఫేటును కావలసినంత తయారు చేయుట ఏ ప్రయోగశాలకును కష్టము కాదు. అయినను సహజమైన కాల్కోసయనైటు అత్యంత దుర్లభము. ఏలయనగా ఈ మూడు పదార్థములు కలియుటకు తగిన వేడియు, తగిన వాయువును, నీటినుండి రక్షణయు ఏకకాలమున సమకూరు తావులు భూమిపై మిక్కిలి కొద్ది. దాని అరుదుతనమంతయు దాని పుట్టుకకు కావలసిన పరిస్థితిలోనే యున్నది.

బంగారమువలె దీనికి వెల లేదు. వజ్రమువలె దీనిని ఆభరణమున పొదుగరాదు. అయినను ఇది ఒక సాక్షి. మనుష్యుడు చేయి పెట్టలేని రంధ్రమున ఎంత వేడి యున్నదో, ఏ వాయువులు వెడలినవో, నీరు ద్రవరూపమున నిలిచెనో లేదో, ఈ చిన్న స్ఫటికము చెప్పగలదు. కాల్కోసయనైటు దొరకిన గోడ, తాను మిక్కిలి వేడిగా నుండినదనియు, ద్రవజలము తన్ను తాకలేదనియు పలుకుచున్నది. ప్రక్కనే నీలపు కాల్కాంథైటు కనిపించినచో, ఆ చోటు తరువాత చల్లారి తేమ సోకినదని తెలియుచున్నది. ఇట్లు రంగులను చదువనేర్చినవానికి కొండ తన చరిత్రను తానే చెప్పును.

భారతదేశమున సజీవమైన అగ్నిపర్వతము అండమాను సముద్రమందలి బారెన్ దీవిపై నున్నది. 1991లో అది చిరకాలపు నిద్రనుండి మేల్కొని, అటు తరువాత పెక్కుమారులు నిప్పులు క్రక్కినది. భూమిలోని అగ్ని దూరదేశములకే పరిమితము కాదని ఇది తెలుపుచున్నది. అట్టి కొండలను, రాళ్లను, ఆవిరులను ఓర్పుతో చదువుటకు రేపటి శాస్త్రజ్ఞులు కావలసియున్నారు. వారు అలవరచుకొనవలసిన మొదటి గుణము స్కాక్కి చూపిన నిదానమే. కంటికి కనబడిన రంగును నమ్మి తీర్పు చెప్పక, ఆ రంగు ఎప్పుడు, ఎచ్చట, ఏ కారణమున వచ్చినదో విచారించుటయే ఆ గుణము. రాళ్ల విషయమున ఇది అవసరమైనచో, మనుష్యుల విషయమున మరింత అవసరమని వేరుగ చెప్పనక్కరలేదు.

అభ్యాసము

1. మైలుతుత్తమును కాచినపుడు కలుగు మార్పులను క్రమముగా వ్రాయుము.
2. నీటి ఆవిరి నిండిన ధూమరంధ్రమున నీరు లేని ఖనిజము ఎట్లు ఏర్పడగలదు? కర్పూరపు ఉదాహరణమును చేర్చి వివరింపుము.
3. హైడ్రోసయనైటు అను పేరు స్కాక్కియొక్క పరిశీలనాశక్తిని ఎట్లు తెలుపుచున్నది?
4. రెండు ఘన సెంటీమీటర్ల కాల్కోసయనైటు పూర్తిగా మైలుతుత్తముగా మారినచో దాని ఘనపరిమాణ మెంత యగును? లెక్క చూపుము.
5. “అరుదుతనము పదార్థమున లేదు, పరిస్థితిలో నున్నది.” ఈ భావమును పాఠమందలి విషయములతో సమర్థింపుము.